అంతయ్య బండి బ్రేకు పంచాయితీ

అంతయ్య బండి పోయి పప్పుచారు గంజును గుద్దింది. గుద్దింది అనడం కూడా పెద్ద మాటే. పెండ్లి బంతిలో జాగా కోసం ఒకడు పక్కవాడిని భుజంతో నెడతాడే, అట్లా నెట్టింది. అప్పుడే పొయ్యి మీంచి దింపి రోడ్డు మీద పెట్టిన నిండు గంజు. అది ముందుకు వంగి, పడాలా వద్దా అని కాసేపు ఆలోచించుకుని, బోర్లా పడింది. ఎల్బీనగర్ రింగురోడ్డు మీద పప్పుచారు కాలువ కట్టింది. ములక్కాడలు దాంట్లో పడవల్లాగా పోయాయి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసుల్లో కుర్చీలు తప్ప మనుషులు లేరు. ఆ రోజు రింగురోడ్డులో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించి, అక్కడే వండి, అక్కడే తిని, ఈ రోడ్డు మాది అని సర్కారుకు చెప్పడం. కొత్తపేట నుంచి ఊరేగింపు బయలుదేరి, డప్పులతో రింగురోడ్డు చేరి, బంతికి కూర్చోవాలి. ఊరేగింపుకు ముందు బండి అంతయ్యది. నెత్తిన మైకు, అద్దం మీద జెండా, వెనక సీట్లలో గొంతు పోయిన నాయకులు.

బండి పాతది. తొమ్మిది సీట్లది, డీజిల్‌ది. కంపెనీవాళ్ళు దాన్ని ఎస్‌యూవీ అంటారు. అంతయ్య జీపు అంటాడు. ఎక్కినవాళ్ళు దిగాక ఇంకేదో అంటారు. పెండ్లిళ్ళకూ, యాదగిరిగుట్టకూ కిరాయికి తిప్పుతాడు. ఉద్యమం మొదలైనప్పటి నుంచి మాత్రం కిరాయి మాట ఎత్తకుండా జేఏసీ వాళ్ళకే వదిలేశాడు. నల్గొండ పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్ వెనక కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. బతుకంతా ఎవరి వెనకో నడిచాడు. మేస్త్రీ వెనక, సేటు వెనక, రేషను క్యూలో ముందున్నవాడి వెనక. ఇన్నేండ్లకు దొరికింది ముందు నడిచే భాగ్యం. ముందు బండి తోలుతుంటే, వెనక వేలమంది తన మడమలు చూసి నడుస్తున్నట్టు అనిపించేది అతనికి. ఆ సుఖం ముందు కిరాయి ఎంత?

గంజు పడ్డాక డప్పులు ఆగిపోయాయి. మైకు మాత్రం ఆగలేదు, ఎవడికీ దాన్ని ఆపాలని తట్టక. ఆ హోరులో వంట మట్టయ్య గరిటె పట్టుకుని బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. అంతయ్య ఊరివాడే, వరసకు బామ్మర్ది. తెల్లారకముందు నుంచి పొగలో కూర్చుని కండ్లు ఎర్రగా చేసుకున్నవాడు.

"ఏంది బావా గిది?"

"బ్రేకు పడలేదురా. రెండు కాళ్ళు పెట్టి తొక్కిన. పెడల్ రాయి లెక్క బిగుసుకుంది."

"బ్రేకు పడకపోతే ఉరుకుతది బండి. నువ్వు నడుసుకుంట ఒచ్చినవ్. చూసుకుంట చూసుకుంట, సక్కగ గంజు కాడికే ఒచ్చినవ్."

అదీ అంతయ్య ఖర్మ. వేగంగా వచ్చి పదిమందిని గుద్దినవాడికి బ్రేకు ఫెయిల్. మెల్లగా వచ్చి పప్పును గుద్దినవాడికి కుట్ర. ఎవరో కుర్రవాడు బండెక్కి ఇంజను గర్రుమనిపించి బ్రేకు తొక్కి చూశాడు. శుభ్రంగా పడింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ పడింది. ఇంత మంచి బ్రేకు ఈ చుట్టుపక్కల ఏ బండికీ లేదన్నట్టు పడింది.

ఉత్త బగారన్నం తిన్నవాడికి కోపం త్వరగా వస్తుంది. సాయంత్రానికి మాట పుట్టింది. అంతయ్య అమ్ముడుపోయాడని.

*

జేఏసీ టెంటు కొత్తపేటలో, పండ్ల మార్కెట్ దాటాక రోడ్డు పక్కన. కన్వీనరు చక్రపాణి సారు. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవాడు. సమ్మెలో పాఠం చెప్పడానికి పిల్లలు దొరక్క, దొరికినవాళ్ళకల్లా చెబుతున్నాడు. మర్నాడు అంతయ్యను పిలిచి ఎదురుగా కుర్చీ వేయించాడు. టెంటులో కుర్చీ వేశారంటే మర్యాద కాదు, విచారణ. మర్యాద చేసేవాళ్ళు చాప మీద పక్కన కూర్చోబెట్టుకుంటారు.

"అంతయ్యా, నేనేం అంటలేను. ప్రజలు అడుగుతున్నరు. హ్యాండ్ బ్రేకు ఎందుకు గుంజలె?"

"దాని తాడు ఎప్పుడో తెగింది సార్."

"తెగితే ఏయించుకోవద్దా?"

"కాలి బ్రేకు ఉన్నది గద అని ఏయించలె."

"కాలి బ్రేకు లేదంటివి గద ఇప్పుడు!"

టెంటులో నవ్వులు. ఇంకొకడు లేచాడు. "సార్, ఈ బండి ఎవరికాడ కొన్నడో అడుగున్రి."

అందరికీ తెలిసిందే. రెండు గల్లీల అవతల ఉండే రామమోహనరావు దగ్గర. కృష్ణా జిల్లా మనిషి, ఏదో ఆఫీసులో పని చేసి రిటైరైనాడు. పండగకూ పబ్బానికీ అంతయ్య ఆ ఇంట్లో కాఫీ తాగుతాడు. మామూలు రోజుల్లో అది కాఫీ. ఉద్యమం రోజుల్లో అది సంబంధాలు.

"ఆంధ్రా ఆయన కాడ బండి కొనుడు, ఆంధ్రా ఆయన ఇంట్ల చాయ తాగుడు, తెలంగాణ పప్పుచారు ఒంపుడు. లెక్క సరిపోతుంది సార్."

"చాయ కాదురా, కాఫీ," అన్నాడు అంతయ్య. అనకుండా ఉండాల్సింది.

చక్రపాణి సారు తీర్పు చెప్పాడు. రెండు రోజుల్లో సరూర్‌నగర్ స్టేడియం దాకా పెద్ద ఊరేగింపు ఉంది. దానికి ముందు బండి వేరేవాళ్ళది. కర్మన్‌ఘాట్ వైపు ప్లాట్లు అమ్ముకునే ఒకాయన కొత్త బండి ఇస్తానన్నాడు. అంతయ్య తన మాట నిజమని రుజువు చేసుకునేదాకా టెంటుకు రానక్కర్లేదు.

ఇంట్లో కిష్టమ్మ అన్నం పెట్టి, కంచం ముందుకు తోసి, గోడవైపు తిరిగి కూర్చుంది. ధర్నాల్లో బతుకమ్మ పాట ఎత్తేది ఆవిడే. ఆవిడ గొంతు విప్పితే నాలుగు గల్లీల ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ వెనక చేరేవారు. ఆ రోజు పాట ఎత్తబోతే ఎవరో కిసుక్కుమన్నారట. మీ ఇంట్ల పప్పుచారు ఎట్ల జేస్తరక్కా, రోడ్డు మీదనా అని.

"నా ఇజ్జత్ తీసినవ్," అంది గోడతో.

"నిజంగ బ్రేకు పడలేదే కిష్టీ."

"గోడకు జెప్పు. అదన్న నమ్ముతదేమో."

*

రుజువంటే ఎక్కడ దొరుకుతుంది? బండి చేసినవాడి దగ్గరే అనుకున్నాడు అంతయ్య. పొద్దున్నే బండి తీసుకుని చింతలకుంట వైపు కంపెనీ సర్వీసు సెంటరుకు పోయాడు. సమ్మెలో పని సగమే నడుస్తోంది. షట్టరు సగం దించి, వచ్చినవాళ్ళు వంగి లోపలికి పోయేలా పెట్టారు. మనిషిని ముందుగానే వంచితే ఫిర్యాదు తక్కువ చేస్తాడని కాబోలు.

లోపల అదే రకం పాత బండ్లవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. అంతయ్య బ్రేకు అన్నాడో లేదో, అందరూ ఒక్కసారి కదిలారు.

"మీది గట్టిపడుతుందా? మాది మెత్తబడిపోతదన్నా. నేల దాకా పోతది, అటెన్క ఒస్తది," అన్నాడొక లారీల ఆసామి.

"మాది ఎడమకి లాగేస్తుందండీ. మా ఇల్లు కుడివైపు," అన్నాడు వనస్థలిపురం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. "ప్రతిరోజూ ఎదురింట్లోకి పోయి, సారీ చెప్పి, వెనక్కొస్తున్నాను."

టై కట్టుకున్న అడ్వైజరు వచ్చాడు. వయసు తక్కువ, ఓపిక ఎక్కువ. ఫిర్యాదులు వినీ వినీ ఆయన ముఖం గచ్చు చేసినట్టు నున్నగా అయిపోయింది.

"సర్, ఇది ఓల్డ్ మోడల్. ఈ మోడల్‌లో బ్రేక్ కంప్లైంట్ లేదు."

"గీడున్నోళ్ళందరిది బ్రేకు కంప్లైంటే గద సార్!"

"ఒక్కొక్కరిది ఒక్కో రకంగా ఉంది సర్. అందరిదీ ఒకే రకంగా ఉంటే కంప్లైంట్. వేరే వేరేగా ఉంటే డ్రైవింగ్ హ్యాబిట్."

"ముప్పై ఏండ్లసంది లారీ తోల్తున్న. నాకు హ్యాబిట్ నేర్పుతవా బిడ్డా నువ్వు?" అని లారీల ఆసామి లేచాడు. అడ్వైజరు ఆయనకు మంచినీళ్ళు ఇప్పించాడు. అక్కడ అన్ని రోగాలకూ అదే మందు.

అడ్వైజరు అంతయ్య బండెక్కి, ఖాళీ రోడ్డు మీద జోరుగా అంత దూరం పోయి, తిరిగొచ్చి, షట్టరు ముందు టక్కున ఆపాడు. రెండోసారి. మూడోసారి. ప్రతిసారీ బండి కట్టేసిన గొడ్డులా నిలబడింది.

"పర్ఫెక్ట్ సర్."

అంతయ్య చేతులు జోడించాడు. "సార్, మీకు దండం పెడ్త. మా కన్వీనర్ సారుకు ఫోన్ కలుపుత. జర మాట్లాడున్రి. ఈ బండి మంచిది కాదని ఒక్క మాట..."

"నిజమే చెప్తాను సర్," అని ఫోను అందుకున్నాడు కుర్రవాడు. అంతే కదా, కంపెనీలు నిజం చెప్పేది మనకు అది అక్కర్లేని రోజే. "సర్ నమస్తే. అంతయ్యగారి వెహికల్ చెక్ చేశాం సర్. బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంత ఓల్డ్ వెహికల్‌కి ఇంత మంచి బ్రేక్ నేను చూడలేదు సర్. ఏ పరిస్థితిలోనూ ఫెయిల్ కాదు. మా కంపెనీ గ్యారంటీ."

ఫోను తిరిగి అంతయ్య చేతిలో పెట్టి, రేటింగు పది ఇమ్మని అడిగాడు.

దారిలో కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దగ్గర బండి ఆగింది. అంతయ్య ఆపాలనుకోలేదు, పాదం ఆపింది. బండ్లకు పూజ చేయించుకునేవాళ్ళు ఇద్దరు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టుకుంటున్నారు. పూజారి వచ్చి, "కొత్త బండా, రిపేరా?" అన్నాడు.

"పాతదే పంతులుగారూ. బ్రేకు పాడు గావాలె."

"పాడు కాకుండా ఉండాలని పూజ."

"కాదు సామీ. కావాలె. పదిమంది ముంగట. ఎవరికీ దెబ్బ తగలొద్దు, గంజు మాత్రం పడాలె."

పూజారి కుంకుమ పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆంజనేయస్వామిని ఆ కోరిక ఎవరూ కోరలేదు.

*

ఆ మధ్యాహ్నమే టెంటు ముందు పరీక్ష పెట్టించాడు అంతయ్య. తనే అడిగి పెట్టించుకున్నాడు. మట్టయ్య గంజు నిండా నీళ్ళు పోసి రోడ్డు మధ్యన పెట్టాడు. పప్పు ఈసారి ఇవ్వనన్నాడు. అంతయ్య దూరం నుంచి జోరుగా వచ్చి, గంజును చూసి, మనసులో స్వామిని తలుచుకుని బ్రేకు తొక్కాడు. బండి గంజుకు మూర దూరంలో ఆగింది. నీళ్ళు తొణకను కూడా లేదు.

అలవాటు కొద్దీ ఎవరో చప్పట్లు కొట్టారు. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు అంతయ్య స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. బ్రేకు పడినందుకు ఏడ్చిన డ్రైవరు ఈ దేశంలో అతనొక్కడే అయి ఉంటాడు.

"సూసిన్రా," అన్నాడు మట్టయ్య, గంజు ఎత్తుకుంటూ. ఆ మాటలో కోపం లేదు. అదే అంతయ్యను కోసింది. కోపం ఉంటే చుట్టరికం ఉన్నట్టు.

అంతయ్య బండిని అక్కడే వదిలి నడిచి రామమోహనరావు ఇంటికి పోయాడు. ఉద్యమం మొదలైనప్పటి నుంచి ఆ ఇంటి గేటుకు లోపల తాళం. అంతయ్య గొంతు విని తీశారు. భార్య కుసుమకుమారి కాఫీ పెట్టడానికి లోపలికి పోబోతే, "వద్దమ్మా, మీ కాఫీతోనే పోయింది నా బతుకు," అన్నాడు. తర్వాత జరిగిందంతా చెప్పాడు. పెడల్ రాయి కావడం దగ్గర రామమోహనరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"డప్పులున్నాయా?"

"ఏంది సార్?"

"ఆ రోజు బండి ముందు డప్పులున్నాయా? జనం మెల్లగా నడుస్తున్నారా? అడుగుకోసారి బ్రేకు నొక్కుతూ వచ్చావా?"

"ఊరేగింపు గద సార్. గట్లనే ఉంటది."

"అదీ! అదే రోగం!" రామమోహనరావు కుర్చీలోంచి లేచాడు. "బ్రేకుకి బలమిచ్చే పంపొకటి ఉంటుందయ్యా ఇంజన్లో. అది ముసలిదైపోయింది. ఒక్క నొక్కుకి బలమిచ్చి, కాసేపు ఊపిరి తీసుకోవాలి. ఇంజను జోరుగా తిరిగితే తీసుకుంటుంది. ఊరేగింపులో నువ్వు ఊపిరాడనివ్వవు. నొక్కుతూనే ఉంటావు, ఇంజనేమో మూలుగుతూ ఉంటుంది. అప్పుడు పెడల్ రాయే. నాకు వినాయక నిమజ్జనంలో జరిగింది. ఇదే సరూర్‌నగర్ చెరువుకి పోతూ, మా కాలనీ ప్రెసిడెంటుని వెనకనుంచి తోసుకుంటూ పోయాను. ఆయన భక్తిలో ఉండి కాసేపు గమనించలేదు కూడా."

"మరి కంపెనీకి..."

"కంపెనీకి ఎన్నిసార్లు పోయానో! పోయినప్పుడల్లా జోరుగా తోలి, టక్కున ఆపి, పర్ఫెక్ట్ సార్ అనేవాళ్ళు. మంచినీళ్ళిచ్చి పంపేవాళ్ళు. మా ఆవిడ కూడా నమ్మలేదు."

"నమ్మలేదు," అంది కుసుమకుమారి. "ప్రెసిడెంటుగారంటే ఈయనకి పడదు. కావాలనే తోశారనుకున్నా."

అంతయ్యకు సంతోషం వచ్చింది, దాని వెనకే మంట వచ్చింది. "ఇంత తెలిసి, అమ్మేటప్పుడు నాకు చెప్పకపోతిరి గద సార్!"

"దేనికి కొంటున్నావని అడిగానా లేదా? కిరాయిలకన్నావు. గుట్టకీ పెళ్ళిళ్ళకీ తిప్పితే ఆ రోగం రాదు. నువ్వు దీన్ని ఉద్యమంలోకి దింపుతావని నేను కలగన్నానా?"

అంతయ్య ఆయన చేతులు పట్టుకున్నాడు. టెంటుకు వచ్చి ఈ మాటే చెప్పమని. రామమోహనరావు గేటు వైపు చూశాడు. ఆ రోజుల్లో ఆ గేటు దాటి ఆ టెంటు లోపలికి పోవడమంటే మాటలు కాదు.

"నేనొచ్చి, మీ ముందు బండికి బ్రేకుల్లేవు, ఆగదు, ప్రమాదం అంటే... వాళ్ళు దాన్ని బండి గురించే అనుకుంటారంటావా?"

"వెళ్ళండి," అంది కుసుమకుమారి. "ఇన్నేళ్ళు గోడలకి చెప్పుకున్నారు. ఇప్పుడు వినాల్సిన అవసరం ఉన్న మనుషులు దొరికారు. మళ్ళీ దొరకరు."

నమ్మనివాళ్ళ మధ్య బతికినవాడికి ఆ ఆశ చాలా చెడ్డది. రామమోహనరావు చెప్పులు వేసుకున్నాడు.

*

టెంటులో ఆయన చెప్పిందంతా చక్రపాణి సారు శ్రద్ధగా విన్నాడు. విని, అంతయ్యను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"పనైపోయింది అంతయ్యా. రుజువు అక్కెర్లేదు, పరీక్ష అక్కెర్లేదు. ఈ ఆంధ్రా ఆయన తెలిసి తెలిసి నీకు బ్రేకుల్లేని బండి అంటగట్టిండు. మైకుల ఆ ఒక్క మాట చెప్పు. రేపటి ఊరేగింపుల నువ్వే మళ్ళ ముందు బండి తోల్తవ్."

అంతయ్య తిరిగి చూశాడు. రామమోహనరావు విచారణ కుర్చీలో కూర్చుని, చుట్టూ ఉన్న కుర్రాళ్ళకు పంపు ఊపిరి తీసుకోవడం ఎలాగో బుగ్గలు పూరించి చూపిస్తున్నాడు. ఒక్క మాట. మైకు చేతికి అందేంత దూరంలో ఉంది. ఆ మాట అంటే కిష్టమ్మ మళ్ళీ పాట ఎత్తుతుంది. అనకపోతే ఎన్నాళ్ళో ఇట్లా.

మైకు అందుకోబోయి, ఆ బుగ్గలు చూసి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"అంటగట్టలె సార్. నేనే ఎంటబడి బేరం జేసి గుంజుకొచ్చుకున్న. అంతకు ముందు మూడు దినాలు ఆయన్ను నిద్ర పోనియ్యలె. అబద్ధం జెప్పి ముందట నడిస్తే, ఎనకొచ్చేటోళ్ళ మొఖం చూడనీకి వస్తదా నాకు? ఇంకోపారి పరీక్ష పెట్టున్రి. గంతే."

చక్రపాణి సారుకు కోపం వచ్చింది. తయారైన ఉపన్యాసం చేతికందకపోతే వచ్చే కోపం. "సరే. నేనే తోల్త. నా కాలుతోని నేనే తొక్కుత. ఆగిందా, నువ్వు ఇగ ఈ తొవ్వకు రాకు."

పరీక్షకు ఏర్పాట్లన్నీ రామమోహనరావు చూశాడు. పెండ్లికూతురు తండ్రిలా అటూ ఇటూ తిరిగాడు. జనం కావాలన్నాడు. ఆడవాళ్ళు కూడా ఉండాలన్నాడు. డప్పు తప్పనిసరి అన్నాడు.

"డప్పెందుకు?" అన్నాడు చక్రపాణి సారు, స్టీరింగు ముందు కూర్చుని.

"డప్పు లేకపోతే జనం గబగబా నడిచేస్తారండీ. బండి స్పీడందుకుంటుంది. అప్పుడు మన రోగం రాదు."

మార్కెట్ దగ్గర నుంచి టెంటు దాకా చిన్న ఊరేగింపు కట్టారు. కిష్టమ్మ కూడా వచ్చింది, మొగుడు అబద్ధీకుడని తేలితే చూడాలో, కాదని తేలితే చూడాలో తెలియని ముఖంతో. డప్పులు మొదలయ్యాయి. బండి అడుగేసింది, ఆగింది. అడుగేసింది, ఆగింది. చక్రపాణి సారు ఆగినప్పుడల్లా కిటికీలోంచి అంతయ్యను చూసి నవ్వాడు. పక్క సీట్లో రామమోహనరావు చెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టుకుని, జ్వరం చూసే డాక్టరులా వింటున్నాడు.

టెంటు ముందు మట్టయ్య నీళ్ళ గంజు పెట్టి పక్కన నిలబడ్డాడు. అంతయ్య గంజుకు ఇవతల. బండి దగ్గరికొచ్చింది. ఆగాలి. చక్రపాణి సారు నవ్వు అలాగే ఉంది, కండ్లు మాత్రం పెద్దవయ్యాయి. భుజాలు పైకి లేచాయి. రెండు కాళ్ళూ పెట్టి సీట్లోంచి లేచి నిలబడినంత పని చేశాడు. బండి ఏమీ పట్టనట్టు, తీరుబడిగా, చుట్టపు చూపుగా వచ్చి గంజును నెట్టింది. నీళ్ళు మట్టయ్య కాళ్ళ మీదుగా పోయాయి. అక్కడితో ఆగలేదు. టెంటు ముందు గుంజను ముట్టుకుంది. గుంజ వంగింది. టెంటు గుడ్డ మెల్లగా దిగి, కన్వీనరుతో సహా బండిని కప్పేసింది.

గుడ్డ లోపల నుంచి రామమోహనరావు గొంతు ఒక్కటే వినబడింది. "చూశారా! చూశారా! అదే! పర్ఫెక్ట్!"

మట్టయ్య వచ్చి అంతయ్యను గట్టిగా పట్టుకున్నాడు. "బావా, నువ్వు మంచోనివే." నలుగురూ వీపు తట్టారు. అంతయ్య కిష్టమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుంటూ వస్తోంది. ఆలింగనం చేసుకుంటుందా ఏమిటి నలుగురిలో అని సిగ్గుపడ్డాడు కూడా.

"అంటే గీ బండికి నిజంగనే బ్రేకుల్లేవు," అంది.

"లెవ్వే! నేను చెప్పలేదా!"

"గిండ్లనేనా నన్ను గుట్టకు తీస్కపోయినవ్? మా అక్కను? మా అక్క కోడలిని, నెలలు నిండినదాన్ని, దవాఖానకు?"

వీపు తట్టిన చేతులు ఆగిపోయాయి. జనం లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఎక్కారో.

"నా బిడ్డ పెండ్లికి గీ బండే గద!"

"ఘాట్ రోడ్డు మీద పాటలు పెట్టినవ్ గదరా, బ్రేకులు పెట్టకుండ!"

"గాడ పడ్తదే! ఊరేగింపుల తప్ప అన్ని కాడ పడ్తది! సార్, జెప్పున్రి సార్!" అని అంతయ్య అరిచాడు. రామమోహనరావు ఇంకా గుడ్డ కిందే ఉన్నాడు. ద్రోహి కాదని తేలిన మనిషికి గడియైనా ఊపిరాడలేదు. జనానికి కోపం ఉన్నాక, అది ఎక్కడో ఒకచోట వాలాలి కదా.

ఆ సాయంత్రం మళ్ళీ కూర్చున్నారు. ఈసారి చాప మీదే. అంతయ్య తప్పు లేదని చక్రపాణి సారు మైకులో చెప్పాడు, లేచినప్పుడు బండి పైకప్పు నుదుటికి తగిలినచోట పసుపు పెట్టుకుని. ముందు బండి సంగతి మాత్రం తేలలేదు. పంపు మార్చుదామంటే సామాన్ల దుకాణాలు సమ్మెలో. ప్లాట్ల ఆయన కొత్త బండికి గీతలు పడతాయని భయపడి, రేపటికి తనకు నలతగా ఉందన్నాడు. ముందు బండి లేక ఊరేగింపు ఏముంటుంది?

"రథానికి బ్రేకు ఉంటదా?" అంది కిష్టమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"మా ఊర్ల జాతరకు రథం గుంజుతరు. ఇంజన్ ఉన్నదా దానికి, బ్రేకు ఉన్నదా? చక్రాల పక్కపొంటి ఇద్దరు అడ్డుచెక్కలు పట్టుకోని నడుస్తరు. ఆపాలంటే ఏస్తరు. ఆగుతది."

మర్నాడు సరూర్‌నగర్ స్టేడియం దాకా జరిగిన ఊరేగింపులో ముందు బండి అంతయ్యదే. ఎడమ చక్రం పక్కన మట్టయ్య, చేతిలో టేకు దిమ్మె. కుడి చక్రం పక్కన రామమోహనరావు, ప్యాంటు మడమల పైకి మడుచుకుని. ఈ రోగం తనకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు కనుక ఆ చక్రం తనకే కావాలని పట్టుబట్టాడు. ముందే ఒప్పందం చేసుకున్నాడు కూడా. నినాదాలు ఇవ్వను, చెక్క మాత్రం వేస్తాను అని.

అంతయ్య కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి తోలుతున్నాడు. వెనక ఎంత దూరం చూసినా జనమే. ఎవరూ బండెక్కలేదు, నాయకులు కూడా నడిచే వస్తున్నారు. వెనక సీట్లన్నీ ఖాళీ. అయినా ముందుంది తనే. బండి ముందు కిష్టమ్మ ఆడవాళ్ళ గుంపుతో పాట ఎత్తుకుని, చప్పట్లు కొడుతూ వెనక్కి వెనక్కి చూస్తూ నడుస్తోంది.

"సారూ, జై తెలంగాణ అనున్రి సారూ, ఒక్కపారి!" అని ఎవరో కుర్రాడు రామమోహనరావును గెలికాడు.

"నేను చెక్క దగ్గరున్నానండీ. పలకరించకండి," అన్నాడాయన చక్రం మీంచి చూపు తిప్పకుండా.

కిష్టమ్మ పాట ఆపి, ఆగమని చెయ్యెత్తింది. "ఏయ్!" అంది.

రెండు చెక్కలూ ఒక్కసారే పడ్డాయి. లోపల అంతయ్య, అక్కర్లేకపోయినా, రెండు కాళ్ళూ పెట్టి రాయిని తొక్కాడు. బండి ఆగింది. బండి ఆగిందని వెనక జనం ఆగారు, జనం ఆగారని డప్పు ఆగింది. అంతా కిష్టమ్మ చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని చూస్తున్నారు.